వృద్ధుల వాహనచోదనము: చట్టము, వ్యాధి, భాష

చెన్నపట్టణమునుండి తిరుపతికి పోవు జాతీయ రహదారి తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరుల మీదుగా సాగును. రోగశాంతికై తిరువళ్లూరు వీరరాఘవస్వామిని సేవింప వచ్చువారును, తిరుత్తణి కొండపై సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శింప పోవువారును ఈ దారినే నడతురు. బస్సులు, లారీలు, మోటారు సైకిళ్లు క్రిక్కిరిసిన ఇట్టి దారిపై వాహనము నడపు వృద్ధుని బుద్ధిస్థైర్యమును మన చట్టము ఏ రీతిని పరీక్షించుచున్నదో విమర్శించుటయే ఈ వ్యాసోద్దేశము.

1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణము ననుసరించి, 55 ఏండ్లు నిండినవారికి లైసెన్సు అయిదేండ్లకు మాత్రమే చెల్లును. లైసెన్సు కోరువాడు తన ఆరోగ్యమును గూర్చి తానే వాఙ్మూల మీయవలసిన పత్రమొకటి కలదు. మూర్ఛ కలదా, పట్టపగలు 25 మీటర్ల దూరమున కారు నంబరు పలక కానవచ్చునా, ప్రజలకు అపాయము తెచ్చు వ్యాధి మరేదైన కలదా అనునవి అందలి ప్రశ్నలలో కొన్ని. కన్నును గూర్చిన ప్రశ్న సమంజసమే. చివరి ప్రశ్నయే చింత్యము. చూపు మందగించినవానికి ఆ సంగతి సామాన్యముగ తెలియును. బుద్ధి మందగించినవానికి అది తరచుగ తెలియనే తెలియదు. తన లోపమును తానెరుగకుండుట ఈ వ్యాధి లక్షణములలో నొకటి. ఏ శక్తి సన్నగిల్లినదో ఆ శక్తినే సాక్షిగా పిలుచుట యుక్తము కాదు.

1906లో జర్మను వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ వర్ణించిన రోగమును, దానిని బోలిన ఇతర రోగములను వైద్యులు డిమెన్షియా యందురు. మనము దీనిని మతిమరుపు అనుచున్నాము. ఈ పేరు కొంత పెడదారి పట్టించును. తాళపుచెవి ఎచ్చట పెట్టితినో మరచుట వేరు. ఎదుట వచ్చు లారీ వేగమును, దూరమును అంచనా కట్టి క్షణములో నిర్ణయించుకొనలేకపోవుట వేరు. రహదారిపై ప్రాణాంతకమగునది ఈ రెండవదియే. ఇంటివారు మొదటిదానిని చూచి చాదస్తమని నవ్వి ఊరకుందురు. రెండవదానిని ప్రమాదము జరుగువరకు గమనింపరు.

అట్లని వృద్ధులందరిని నిషేధించుట న్యాయము కాదు. వార్ధక్యము వ్యాధి కాదు. వ్యాధి తొలిదశలో నున్నవారిలోను కొందరు సురక్షితముగ నడపగలరు. జపానులో 75 ఏండ్లు దాటినవారు లైసెన్సు పునరుద్ధరించుకొనునప్పుడు బుద్ధిపరీక్షకు నిలువవలయునని 2009లో విధించిరి. 2017లో ఆ నియమమును మరింత బిగించిరి. ఆ పద్ధతిని మన మెరవు తెచ్చుకొందుమేని, తిరుత్తణియందు ఒక చిక్కు వచ్చును.

తిరుత్తణి 1960 ఏప్రిలు 1వ తేదీ వరకు చిత్తూరు జిల్లాలో, ఆంధ్ర ప్రదేశములో నుండెను. నాడు పదేండ్ల ప్రాయమువారు నేడు జపాను విధించిన వయసున కందినవారే. వారిలో తెలుగు బడిలో ఓనమాలు దిద్దినవారు, ఇంట తెలుగు పలుకువారు కలరు. బుద్ధిపరీక్షలలో పదములు జ్ఞప్తియందుంచుకొనుట, వస్తువుల పేర్లు చెప్పుట మున్నగునవి యుండును. ఇవి తమిళములోనో ఆంగ్లములోనో అడిగినచో తెలుగు వృద్ధుడు తడబడవచ్చును. ఆ తడబాటు భాషదో వ్యాధిదో ఎట్లు తేలును? ఆరోగ్యవంతుని రోగి యనుటయు, రోగిని ఆరోగ్యవంతు డనుటయు రెండును అనర్థములే. కావున పరీక్ష వృద్ధుని మాతృభాషలో జరుగవలయును. కాగితముపై పరీక్షతో సరిపెట్టక, దారిపై వాహనము నడిపించి చూడవలయును.

చట్టమందలి 16వ విభాగము ప్రకారము, లైసెన్సుదారుడు వ్యాధివలన అనర్హుడని నమ్ముటకు తగిన కారణమున్నచో అధికారి వైద్యపత్రము కోరవచ్చును, లైసెన్సు రద్దును చేయవచ్చును. ఆయుధము కలదు, దానిని కదలించు మాట ఇంటినుండియే రావలయును. తండ్రిచేతి తాళపుచెవి నడుగుట కుమారునికి కష్టము. అది అవమానము కాదని ముందు మనము నమ్మవలయును. తిరువళ్లూరు, తిరుత్తణి రెండింటికిని రైలు కలదు. తాళపుచెవి పుచ్చుకొన్న కుమారుడు తానే తండ్రిని వెంటబెట్టుకొని పోయినచో, ఆ పెద్దకు పోయినది వాహనమే గాని గౌరవము కాదు.