జక్కయ్య కట్టిన లెక్క

ఒక ధనవంతుడికి మందలకొద్దీ గొర్రెలున్నాయి. అదే ఊళ్లో ఒక పేదవాడికి ఉన్నది ఒకే ఒక్క గొర్రెపిల్ల. దాన్ని కూతుర్లా సాక్కుంటున్నాడు. ఇంటికి చుట్టం వస్తే ఆ ధనవంతుడు తన మంద జోలికి పోకుండా పేదవాడి గొర్రెపిల్లను లాక్కొచ్చి కోయించి వండించాడు. నాతాను ప్రవక్త ఈ సంగతి చెప్పగానే దావీదు రాజుకు ఒళ్లు మండిపోయింది. ఒకటికి నాలుగు కట్టాల్సిందేనని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. ఆ దుర్మార్గుడు తానేనని ఆ తర్వాత గానీ తెలిసిరాలేదు. బత్షెబను వశం చేసుకుని, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో ముందు వరసకు పంపి చంపించింది దావీదే మరి.

పశ్చాత్తాపం మాట వస్తే క్రైస్తవ బోధకులు తరచూ ఎత్తుకునే కథ ఇది. దావీదు సాకులు వెతకలేదు, తప్పు చేశానని ఒక్క ముక్కలో ఒప్పుకున్నాడు. దేవుడు క్షమించాడని ప్రవక్త వెంటనే చెప్పాడు. 51వ కీర్తన ఈ సందర్భంలో పుట్టిందని సంప్రదాయం. అయినా కథ సుఖాంతం కాలేదు. ఊరియా తిరిగి రాలేదు, దావీదు ఇంట్లో కత్తి ఒరలోకి పోలేదు.

కొత్త నిబంధనలో దీనికి జోడీ జక్కయ్య కథ. యెరికోలో సుంకరులకు పెద్ద అతను. జనాన్ని పిండి సొమ్ము కూడబెట్టాడని ఊరంతా అసహ్యించుకునేది. యేసును చూద్దామని మేడిచెట్టు ఎక్కాడు. యేసు తలెత్తి చూసి, ఈ రోజు బస మీ ఇంట్లోనే అన్నాడు. జక్కయ్య లెక్క చెప్పింది ఆ తర్వాతే: ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా గుంజినదానికి నాలుగింతలు. దావీదు నోట వచ్చిన నాలుగే ఇదీ. గొర్రెను దొంగిలించి కోసుకున్నవాడికి మోషే ధర్మశాస్త్రం వేసిన దండుగ కూడా అంతే. ఇక్కడ వరస గమనించాలి. జక్కయ్య డబ్బు కట్టి క్షమను కొనుక్కోలేదు. ఆదరణ ముందు దొరికింది, ఆ ఆదరణే అతని చేత లెక్క కట్టించింది. క్రైస్తవ బోధలో పశ్చాత్తాపానికి ఇరుసు ఇదే.

తొలి శతాబ్దాల సంఘంలో ఈ దారి చాలా కఠినంగా ఉండేది. హత్య, వ్యభిచారం, విశ్వాసాన్ని వదులుకోవడం లాంటి పెద్ద పాపాలకు బహిరంగ ప్రాయశ్చిత్తం చేయాలి, అదీ జీవితంలో ఒక్కసారే. దీన్నుంచి రోమా చక్రవర్తికీ మినహాయింపు దొరకలేదు. క్రీ.శ. 390లో థెస్సలొనీకలో తన సైన్యం చేతుల్లో వేలమంది చనిపోతే, మొదటి థియోడోసియస్‌ను మిలాన్ బిషప్ ఆంబ్రోస్ పూజలో చేరనివ్వలేదు. రాజచిహ్నాలు తీసేసి జనం మధ్య కన్నీళ్లు పెట్టుకున్నాకే చక్రవర్తికి మళ్లీ చోటు దక్కింది.

6వ శతాబ్దం నుంచి ఐర్లండ్ సన్యాసులు మరో పద్ధతి వ్యాప్తి చేశారు. పాపాలను గురువుకు రహస్యంగా చెప్పుకోవచ్చు, ఎన్నిసార్లయినా రావచ్చు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ఏడాదికి ఒక్కసారైనా ఇలా గురువు ముందు ఒప్పుకోవాలని, అంటే పాపసంకీర్తనం చేయాలని నియమం పెట్టింది. విన్నది బయటపెట్టిన గురువును పదవి నుంచి తీసేసి, జీవితాంతం ప్రాయశ్చిత్తం చేసుకోమని మఠానికి పంపాలని కూడా ఆదేశించింది. ఇప్పటి కతోలిక చట్టంలో నేరుగా రహస్యం విప్పిన గురువుకు శిక్ష వెలి.

తెలుగు కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) ఈస్టరుకు ముందు తపస్సు కాలం వచ్చిందంటే ఈ సంస్కారానికి జనం బారులు తీరతారు. అందులో మెట్లు స్పష్టంగా ఉంటాయి. ముందు ఆత్మ పరిశోధన: పది ఆజ్ఞలను ఒక్కొక్కటిగా తలుచుకుంటూ ఎక్కడ తప్పామో చూసుకోవడం. తర్వాత మనస్తాపం, ఇకమీదట చేయనన్న తీర్మానం. అప్పుడు జాలీ తెరకు ఇవతల మోకరించి, ఊదారంగు స్టోలు వేసుకున్న ఫాదర్ గారికి చివరిసారి ఎప్పుడు వచ్చారో చెప్పి మొదలుపెడతారు. ‘ఏవో పొరపాట్లు చేశాను’ అంటే సరిపోదు. పెద్ద పాపాలైతే ఏం చేశారో, ఎన్నిసార్లు చేశారో చెప్పాలి. ఆయన రెండు మాటలు చెప్పి, పరలోక జపమో మంగళవార్త జపమో ప్రాయశ్చిత్తంగా ఇచ్చి, కుడిచెయ్యి చాచి విమోచన వాక్యం పలుకుతారు.

అయితే జపంతో అంతా తీరిపోదు. దొంగసొమ్ము తిరిగివ్వాలి, పాడుచేసిన పరువును నిలబెట్టాలి, నష్టానికి పరిహారం కట్టాలి అని 1992 నాటి కతోలిక సత్యోపదేశ గ్రంథం విడమరిచి చెబుతుంది. పక్కవాడి పొలం గట్టు జరిపినవాడు గట్టును మళ్లీ వెనక్కి జరపాల్సిందే.

ఈ పద్ధతి దారి తప్పిన రోజులూ ఉన్నాయి. పాపశిక్ష తగ్గిస్తామంటూ జర్మనీలో యోహాన్ టెట్జెల్ లాంటివాళ్లు పత్రాలు అమ్ముకుంటుంటే, 1517లో మార్టిన్ లూథర్ 95 వాదాలతో ఎదురు తిరిగాడు. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలన్నది వాటిలో మొదటి వాదం సారం. లూథర్ ఒప్పుకోలును కొట్టిపారేయలేదు. డబ్బుతో ముడిపెట్టడాన్ని, ప్రతి పాపాన్నీ ఏకరువు పెట్టి తీరాలన్న నిర్బంధాన్ని కాదన్నాడు. ఆయన మార్గాన్ని 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకు తెచ్చారు. ఆ లూథరన్ ఆరాధనల్లో సంఘమంతా కలిసి పాపాలు ఒప్పుకుంటుంది, పాస్టర్ గారు దేవుని క్షమను ప్రకటిస్తారు.

గురువు ముందు చెప్పాలా, నేరుగా దేవుడికే చెప్పుకోవాలా అన్న తగాదా పూర్తిగా తెగలేదు. అసలు విషయంలో మాత్రం దూరం తగ్గింది. మనిషిని దేవుడు అంగీకరించేది అతని యోగ్యతను చూసి కాదని, కేవలం కృపవల్లేనని కతోలిక సభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య 1999 అక్టోబర్ 31న ఔగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. ఆ సమాఖ్యలో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం కూడా సభ్యురాలే.