జీను పట్టీ కింద చర్మం

నర్సీపట్నం పక్కన వరాహ నది ఒడ్డున ఉన్న బలిఘట్టం దాదాపు మైదానానికి చివర. అక్కడి నుంచి చింతపల్లి వైపు సాగే దారి కొంత దూరం పోయాక ఘాట్ ఎక్కుతుంది, ఆ పైన రోడ్డు సరిగా పడని మన్యం గూడేలలో మనుషులనూ బస్తాలనూ చేరవేయడానికి గిరిజనులు ఇప్పటికీ గుర్రాన్ని నమ్ముకుంటున్నారు. ఏటవాలు, వాన, బరువు ఒకేచోట కలిసే ఇలాంటి నేలలో గుర్రం ఆరోగ్యం గురించిన మాట దాని కడుపు కిందుగా పోయే పట్టీ దగ్గర మొదలుకావడం న్యాయం.

జీనును వీపు మీద నిలిపే ఆ పట్టీ ముందుకాళ్ల మోచేతుల వెనుకగా పోతుంది. అక్కడి చర్మం పలచన, పైగా వదులు కాబట్టి అడుగు వేసిన ప్రతిసారీ ముడతపడి సాగుతుంది. గుర్రం చెమటలో ఉప్పుతో పాటు లాథెరిన్ అనే మాంసకృత్తి ఉంటుంది. చెమట వెంట్రుకల్లో త్వరగా పాకి ఒళ్లు చల్లబడటానికి తోడ్పడే ఈ పదార్థమే ఒరిపిడి తగిలిన చోట తెల్లని నురగగా కనిపిస్తుంది. ఆరిన చెమట దుమ్ముతో కలిసి పెచ్చు కట్టాక దాని మీదే మళ్లీ పట్టీ బిగిస్తే అది గరుకు కాగితంలా రాస్తుంది: ముందు వెంట్రుకలు తెగుతాయి, తర్వాత చర్మం కమిలి వాస్తుంది, చివరికి పగిలి పుండు పడుతుంది. ఒత్తిడి లోతుగా తగిలితే వెంట్రుకకు రంగునిచ్చే కణాలు చచ్చిపోయి, ఆ చోట తెల్లవెంట్రుకలు మొలుస్తాయి. ఆ మచ్చ సాధారణంగా మాసిపోదు.

కొండదారిలో ఇంకో చిక్కుంది. ఎక్కేటప్పుడు జీను వెనక్కి జారుతుంది, దిగేటప్పుడు ముందుకు జారి పట్టీని మోచేతుల సందులోకి నెడుతుంది. జారకుండా చేయాలని పట్టీని మరింత బిగించడం సాధారణంగా జరిగే పని, అదే పుండుకు దారి. వెనక్కి జారకుండా ఆపేది రొమ్ముకు అడ్డంగా వేసే పట్టీ, ముందుకు జారకుండా ఆపేది తోక కిందుగా పోయే పట్టీ. ఆ రెండూ చేయవలసిన పనిని కడుపు పట్టీ చేత చేయించడం జంతువుకు అన్యాయం. గొర్రెబొచ్చు తొడుగు కొంటే చాలుననుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే చెమట పీల్చిన తొడుగును ఉతికి ఆరబెట్టకపోతే అదే ఒరిపిడికి కారణమవుతుంది.

జీను వేయకముందు పట్టీ ఆనే చోటును అరచేత్తో తడిమి చూడాలి; వేడిగా తగిలినా, చెయ్యి పెట్టగానే గుర్రం ఉలిక్కిపడినా ఆ రోజు స్వారీ మానుకోవాలి. వెంట్రుకల వాలుకే బ్రష్షు పట్టి, పట్టీని ఒక్కసారిగా కాక విడతలుగా బిగించి, ముందుకాళ్లను ఒక్కొక్కటిగా ఎత్తి ముందుకు లాగితే లోపల చిక్కిన ముడతలు విచ్చుకుంటాయి. నాలుగడుగులు నడిపించాక బిగువు మళ్లీ చూడాలి. చాలాకాలం పని లేకుండా ఉన్న గుర్రం చర్మం ఒరిపిడికి అలవాటు తప్పి ఉంటుంది కనుక దాన్ని తొలిరోజుల్లో తక్కువ దూరమే నడిపించడం మంచిది.

ఒక గుర్రం పట్టీని, జీను గుడ్డను మరో గుర్రానికి వాడితే తామర అంటుకోవచ్చు. అది మనిషికీ సోకుతుంది. వానాకాలంలో ఒళ్లు తడిసి ఆరకపోతే డెర్మటోఫైలస్ అనే బాక్టీరియా పెచ్చులు పుట్టిస్తుంది. ఈ రెంటినీ ఒరిపిడి పుండుగా పొరబడే వీలుంది కాబట్టి పశువైద్యుడికి చూపించడమే మేలు. పుండు పడితే ఉప్పునీటితో కడిగి, చర్మం పూర్తిగా గట్టిపడేదాకా జీను దించి ఉంచాలి. ధనుర్వాతానికి గుర్రం చాలా తేలికగా లోనవుతుంది కనుక దానికి ముందే టీకా వేయించి ఉండాలి.