టెనిసన్ పదహారు పాదాలు, పెన్న ముఖద్వారం

నాన్న పోయిన పదో రోజున మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఇంగ్లిష్ కవిత ఒకటి పెట్టారు. టెనిసన్ రాసిన ‘క్రాసింగ్ ద బార్’. నాలుగు చరణాలు, పదహారు పాదాలు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు పడ్డాయి. నేనూ ఒకటి పెట్టాను. కానీ చేజర్లలో మా ఇంటి అరుగు మీద కూర్చుని చదువుతుంటే ఏదో గుచ్చుకుంది. అదేమిటో చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ముందు ఈ ‘బార్’ సంగతి. నది సముద్రంలో కలిసే చోట నీటి వేగం పడిపోతుంది. నది మోసుకొచ్చిన ఇసక, అలలు తెచ్చి పోసే ఇసక అక్కడే పేరుకుని నీళ్ళ కింద గట్టులా అడ్డం పడుకుంటాయి. మనవాళ్ళు ఇసక మేట అంటారు. రేవులోంచి సముద్రంలోకి పోవాలన్నా, సముద్రంలోంచి రేవుకు రావాలన్నా దాని మీదుగానే. టెనిసన్ కవితలో అదే చావు గుమ్మం. 1889లో, ఎనభై ఏళ్ళ వయసులో, సోలెంట్ జలసంధి దాటి వైట్ దీవిలోని తన ఇంటికి వెళ్తున్నప్పుడు ఆయనకి ఆ కవిత తట్టింది. తన కవితా సంపుటాలన్నిటికీ చివర దాన్నే వెయ్యమని కొడుక్కి చెప్పి మరీ పోయాడు.

కవిత అడిగేది చాలా చిన్న కోరిక. నేను బయల్దేరే వేళకి మేట మీద అలల రొద ఉండకూడదు, నిండు పోటు ఉండాలి, వెనక ఎవరూ ఏడవకూడదు, దాటాక నా పైలట్‌ని ముఖాముఖి చూడాలి. అంతే.

ఇందులో ఒక బగ్ ఉందని చాలామంది విమర్శకులు ఎప్పుడో పట్టుకున్నారు. పైలట్ అంటే రేవు దారి తెలిసిన మనిషి. మేట దాటించి దిగిపోవడమే అతని పని. దాటాక అతన్ని చూడడమేమిటి? ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అని మనకో సామెత ఉంది కదా, ఆ లెక్కన టెనిసన్ బోడి మల్లయ్య కోసం ఎదురుచూస్తున్నట్టు! ఆయన జవాబు ఇది: పైలట్ మొదట్నుంచీ ఓడలోనే ఉన్నాడు, చీకట్లో నాకు కనబడలేదు. మొదటిసారి చదివినప్పుడు ఇది ప్రొడక్షన్లో దొరికిన తప్పుని ‘ఫీచర్’ అని సర్దిచెప్పడంలా అనిపించింది.

నాకు గుచ్చుకున్నది అది కాదని తర్వాత తెలిసింది. అది తెలియాలంటే మన భాషలోకి రావాలి.

మా వైపు పెన్న దాటడమంటే, ఏడాదిలో ఎక్కువ రోజులు, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడవడమే. పడవ అవసరమయ్యేది నీళ్ళొచ్చినప్పుడు. తెలుగులో పడవ మాటలన్నీ అలాంటి ఏటి పడవ మాటలే. గట్టెక్కాం. ఒడ్డున పడ్డాం. దరి చేరాం. కడతేరాడు. అన్నిట్లోనూ ప్రమాదం నడిమధ్యన, క్షేమం ఒడ్డున. ‘భవసాగరం’ అని సముద్రం పేరు పెట్టుకున్నా దాన్ని ఏరులాగే దాటతాం: సుడిగుండం మధ్యలో, మోక్షం అవతలి గట్టున. టెనిసన్ పదహారు పాదాల్లో చెప్పింది ‘కడతేరడం’ అనే ఒక్క మాటలో ఉంది. కడకి చేరడమూ అదే, పోవడమూ అదే. ఇది మన భాష గొప్పే. అయితే ఒడ్డు దగ్గరే పడవ మునిగే చోటు ఒకటుందని ఈ మాటల్లో ఏదీ చెప్పదు.

మనకు అలాంటి చోట్లు లేకనా? యానాం పక్కన కోరంగి ఉంది. గోదావరి పాయ ముఖద్వారం దగ్గరి రేవు. అక్కడ తెరచాప ఓడలు కట్టేవాళ్ళు, బర్మాకి ఓడలు నడిపేవాళ్ళు. 1789లో, 1839లో తుఫానులు దాన్ని ముంచేశాయి. మిగిలినదాన్ని మేట మింగింది. గోదావరి మట్టి పేరుకుని ఓడలు రాలేకపోతే వ్యాపారం కాకినాడకి పోయింది. రంగూన్‌లో మాత్రం చాలాకాలం తెలుగువాళ్ళందర్నీ ‘కోరంగీ’లనే పిలిచారు. రేవు పోయి పేరు మిగిలింది. ఆ రేవులోకి తిరిగొచ్చిన సరంగుల భయం మాత్రం మన కవిత్వపు పడవల్లోకి ఎక్కలేదు.

ఆ భయమేమిటో నాకు పెన్న ముఖద్వారం దగ్గర అర్థమయింది. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచిన ఏరు ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అక్కడికి పోయాను. వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగాను, తెరచాపల కాలంలో ఎట్టా దాటేవాళ్ళని. వయసులో ఉన్నప్పుడు చాప మీదే వేటకి పొయ్యేవాడట.

“పొయ్యేటప్పుడు భయం లేదబ్బయ్యా. అల మొహం ఎదురుగా కనపడతాది. వచ్చేటప్పుడే. దాని వీపే కనపడతాది.”

ఇంటికొచ్చి ఈ మాటకి లెక్క వెతికాను. నీటి లోతు అల ఎత్తుకి సుమారు ఒకటింపావు రెట్లకి తగ్గితే అల విరుగుతుంది. అందుకే లోతు సముద్రంలో నున్నగా సాగే అల మేట మీదకి రాగానే నిలువుగా లేచి పడుతుంది. ఏటి నీళ్ళు బయటికి తోస్తుంటే ఇంకా నిటారుగా లేస్తుంది. ఒడ్డు నుంచి చూసేవాడికి తెల్లటి నురగ కనబడుతుంది. సముద్రంలోంచి వచ్చేవాడికి నున్నటి వీపులు కనబడతాయి, వాటి అవతల ఇల్లు కనబడుతుంది. లోపలికి వెళ్ళాకే తెలుస్తుంది.

తెరచాప పడవకి కష్టం ఇంకా ఎక్కువ. వెనకనుంచి వచ్చే అల పడవ కన్నా వేగంగా వస్తుంది. వెనక భాగాన్ని లేపుతుంది, ముక్కు కిందికి దిగుతుంది, చుక్కానికి నీటి పట్టు తప్పుతుంది. పడవ అడ్డం తిరిగితే తర్వాతి అల బోర్లా వేస్తుంది. ఇంజనుంటే వేగం పెంచి అల వెనకే పోవచ్చు. చాపకి ఆ వీలు లేదు. రెండు అలల మధ్య పల్లంలోకి దిగితే గాలి మరుగై చాప వాలిపోతుంది. వెనక్కి మళ్ళుదామన్నా ఆ మళ్ళడంలోనే అలకి అడ్డం పడాలి. పైగా నిన్నటి దారి ఇవాళ ఉండదు. ఏటి తోపుడు తగ్గితే సముద్రం ఇసక తెచ్చి నోరు మూస్తుంది, వరదొస్తే మళ్ళీ తెరుస్తుంది. పులికాట్ వైపు రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాల్లో పూడిక తీయమని మత్స్యకారులు ఏళ్ళ తరబడి అడుగుతున్నది ఇందుకే.

ఇప్పుడు టెనిసన్ దగ్గరికి వెనక్కి వెళ్దాం. నిండు పోటు కావాలన్న ఆయన కోరిక సాంకేతికంగా సరైనదే. నీళ్ళు పెరిగితే మేట మీద లోతు పెరుగుతుంది, అల విరగదు. ఇంగ్లండులో చాలాచోట్ల పోటుకీ పాటుకీ నాలుగైదు మీటర్ల తేడా. మా తీరంలో మీటరు అటూఇటూ. అంత దయగల పోటు మాకు రాదు. మేట బయట ఆగి, జట్లుగా వచ్చే పెద్ద అలల్ని పోనిచ్చి, మధ్యలో దొరికే కాస్త తెరిపిలో దూరడమే దారి.

అసలు తేడా ఇంకోటుంది. ఆయన ఓడ బయటికి పోతోంది. నాకు గుచ్చుకున్నది అదే.

నాన్న బయటికి పోతూ పోలేదు. ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉండి, గండం గడిచిందని అందరం అనుకున్నాక, ఇంటికొచ్చిన మూడో రాత్రి పోయాడు. అప్పటికి మేం గట్టెక్కామనే అనుకుంటున్నాం. నేను బెంగళూరుకి టికెట్ కూడా బుక్ చేసుకున్నాను. మాకు కనబడినవన్నీ వీపులే.

కాన్రాడ్ 1917లో వేసిన ‘ద షాడో లైన్’ ఈ పొరపాటు మీదే నడుస్తుంది. బ్యాంకాక్ నదిలో ఆగిన ఓడ నిండా జ్వరాలు. సముద్రంలోకి చేరితే చాలు, అన్నీ వదిలిపోతాయని కుర్ర కెప్టెన్ నమ్మకం. చేరాక గాలి లేదు. క్వినైన్ సీసాల్లో క్వినైన్ లేదు. కాన్రాడ్ ఓడలు నడిపినవాడు కాబట్టి, ‘దాటేశాం’ అన్న మాటని ఎక్కడ అనుమానించాలో అతనికి తెలుసు. టెనిసన్ ప్రయాణికుడు. అతని కవితలో మేటకి అవతల అంతా ప్రశాంతమే. అది ఆ కవిత లోపమని ఇప్పటికీ అంటాను.

కానీ పైలట్ విషయంలో నేను తప్పు. ఆ పెద్దాయన ఇంకో మాట చెప్పాడు. మేట దాటేటప్పుడు అందరూ ముందుకే చూస్తారు, చూడాలి. చుక్కాని పట్టినోడు ఒక్కడే వెనక్కి చూస్తాడు, ఏ అల ఎక్కడొస్తుందో లెక్కబెడుతూ. ముందు కూర్చున్నవాళ్ళకి వాడి మొహం కనపడదు. లోపలికొచ్చాకే తిరిగి చూస్తారు.

పైలట్ మొదట్నుంచీ ఉన్నాడు, కనబడలేదంతే అన్న టెనిసన్ జవాబు సర్దిచెప్పడం కాదు. పడవలో కూర్చున్నవాడి మాట.

ఆ మూడు రోజులూ మా ఇంట్లో అమ్మ ఒక్కతే నిద్రపోలేదు. గండం గడిచిందని ఎవరన్నా ఆమె అనలేదు. మంచం పక్కన కూర్చుని ఊపిరి లెక్కబెడుతూ ఉంది. నేను ఫోన్లో టికెట్లు చూసుకుంటూ ఆమె మొహం వైపు చూడలేదు.