శరత్తున క్షేత్రారంభము

ఇంగ్లండు దేశమున పట్టణముల శివార్లలోను, రైలుమార్గముల ప్రక్కలను, ఇండ్ల వరుసల వెనుకను కానవచ్చు అలాట్‌మెంటులనెడి కూరగాయల మళ్ళు వినోదమునకై పుట్టినవి కావు. పల్లెల ఉమ్మడి బీళ్ళకు భూస్వాములు కంచెలు వేసి స్వాధీనపఱచుకొనుచు రాగా, పశువును మేపుకొనుటకు గాని నాలుగు దుంపలు పండించుకొనుటకు గాని తావులేని పేదలకై పావు ఎకరమునకు మించని తోటభూములను కేటాయించు పద్ధతిని 1845 నాటి చట్టము ఏర్పఱచినది; కోరినవారికి భూమి సమకూర్చు బాధ్యతను 1908 నాటి చట్టము స్థానిక ప్రభుత్వములపై నుంచినది. వాడుకలో నున్న నిండు మడి పది పోలులు. మన లెక్కలో ఆఱుంబావు సెంట్లు.

ఇట్టి మడిని క్రొత్తగా కౌలునకు తీసికొనువాడు వసంతమునకై వేచియుండక శరత్తుననే పని నారంభించుట మేలు. వసంతమున త్రవ్వుట, కలుపు ఏఱుట, విత్తుట అను మూడు పనులును ఒక్కుమ్మడి మీదపడును. తోటకాపు తేఱుకొనులోపల కలుపు మోకాలెత్తు పెరుగును. శరత్తున మొదలిడినవానికి నాలుగైదు మాసముల వ్యవధి చిక్కుటయే కాక, అతడు చేయజాలని పనిని చలికాలము చేసిపెట్టును.

మొదటి శత్రువు కౌచ్ గడ్డి. భూమిలోపల దారములవలె అల్లుకొనిపోవు దాని తెల్లని కాండముల కొనలు ఎంత వాడియైనవనగా, అడ్డు వచ్చిన బంగాళాదుంపనైనను తొలుచుకొని ఆవలికి పోగలవు. పారతో నఱికినచో ప్రతి తునుకయు మఱియొక మొక్క యగును గనుక, కోరలుగల పారతో మట్టిని పెకలించి, వదులుచేసి, తీగ తెగకుండ చేతితో మెల్లగా లాగవలెను. మడినంతటిని ఒక్క యేటనే శుభ్రపఱచ నెంచరాదు. మూడవవంతు త్రవ్వి, తక్కినదానిని అట్టలతోగాని నల్లని పట్టాతోగాని కప్పి, వెలుతురు సోకకుండ నుంచిన, కలుపు క్రమముగా నీరసించును.

బంకనేలయైనచో త్రవ్విన పెళ్ళలను చిదుపక అట్లే విడువవలెను. వానిలోని నీరు గడ్డకట్టునపుడు వ్యాకోచించి, కరగునపుడు సడలి, మరల గడ్డకట్టి, లోపలనుండియే పెళ్ళలను పగులగొట్టును. ఎంతటి బలశాలియు సుత్తితో సాధింపలేని పొడిమట్టిని వసంతము నాటికి మంచే సిద్ధముచేయును. చివికిన పశువుల ఎరువును పైన పఱచిన, వానపాములు దానిని లోనికి గొనిపోవును. ఎరువును సున్నమును ఒకేసారి వేయరాదు. వేసినచో నత్రజని అమ్మోనియా వాయువై వృథాపోవును.

చలిని కోరు పంటలును లేకపోలేదు. వెల్లుల్లి రెబ్బలను అక్టోబరు, నవంబరు మాసములలో, మొన పైకుండునట్లు, జానెడులోపు ఎడముతో, పైన అంగుళమంత మట్టి నిలుచునట్లు నాటుదురు. కొన్ని వారములు చలి సోకినగాని గడ్డ రెబ్బలుగా విడివడదు. చలి చాలనిచో రెబ్బలులేని ఒంటిగడ్డ ఊరును. నవంబరులో విత్తిన బ్రాడ్ బీన్స్ అను చిక్కుళ్ళు శీతకాలమును చిన్నమొక్కలుగా గడపి, నల్లపేను విజృంభింపకమున్నే కాపునకు వచ్చును. వాని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించును. రాలిన ఆకులను తీగచట్రములో పోగుచేసిన, ఒకటి రెండేండ్లకు మంచి ఆకు ఎరువగును.

ఈ పద్ధతుల విలువ పంటతోనే ముగియదు; భూమిపై హక్కు నిలుచుటకును అవి తోడ్పడును. ఇట్టి తోట ముఖ్యముగా కౌలుదారును అతని కుటుంబమును తినుటకు పండించుకొనవలసినదని 1922 నాటి చట్టము నిర్వచించినది. అలాట్‌మెంటులకై సేకరించిన భూమిని మంత్రి అనుమతిలేక స్థానిక ప్రభుత్వములు అమ్మరాదని 1925 నాటి చట్టము కట్టడిచేసినను, ఆ భూమి అనవసరమని తోచినచో, సాగుదారులకు వేఱుచోటు చూపుట అక్కఱలేదని తేలినచో, అనుమతి దొరకుటకు త్రోవ కలదు. కావున వసంతపు తొందరలో అలసి విడిచిపెట్టిన ప్రతి మడియు, కలుపు క్రమ్మి, ఆ భూమి ఎవరికిని అక్కఱలేదను వాదమునకు బలము చేకూర్చును. శరత్తున ఓపికతో మూడవవంతు నేలను బాగుచేసికొనువాడు మఱుసటి ఏడు నిలుచును. అట్టివారు నిలిచినంతకాలము, పేదలు కోల్పోయిన ఉమ్మడి భూమికి ప్రతిగా చిక్కిన ఈ కొద్దిపాటి హక్కు తరువాతి తరమువారికిని దక్కును.