డీపీఐ అంకెల ఆర్భాటం

రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లోని ఇందాలో స్థిరపడిన తెలుగు కుటుంబం మీదనుకోండి. తాతగారి కాలపు కలర్ నెగిటివ్‌లు పెట్టెలో ఉన్నాయి. స్కానర్ ప్రకటనలో ‘6400 డీపీఐ’ అని చూసి మురిసిపోకండి! అది అంగుళానికి నమోదయ్యే బిందువుల లెక్కే. కటకం నాసిరకమైతే, ఫోకస్ కుదరకపోతే బిందువులు పెరిగినా వివరాలు పెరగవు.

35 మి.మీ. ఫిల్ములో ఒక ఫోటో కొలత 24×36 మి.మీ. 2400 డీపీఐ వద్ద దాని నుంచి సుమారు 77 లక్షల బిందువులు వస్తాయి. అంగుళానికి 300 చొప్పున 7.5×11 అంగుళాల ఫోటో ముద్రించడానికి ఇవి చాలు. 6400 వద్ద ఫైలు ఏడు రెట్లవుతుంది.

ఒకే నెగిటివ్‌ను 2400, 4800 వద్ద స్కాన్ చేసి, సమాన సైజులో పోల్చండి. రెండోదానిలో కొత్త వివరమేదీ కనిపించకపోతే పెద్ద అంకె వృథాయే. అలాగని 300తో సరిపెట్టకండి. 283×425 బిందువులే మిగులుతాయి. రంగులు వెలిసిపోకముందే పని మొదలుపెట్టండి.