నూరు శరత్తుల పేరు

మొన్న ఆదివారం తెనాలిలో మా చెల్లెలి మనవరాలికి బారసాల చేశారు. పళ్ళెంలో బియ్యం పోసి, పాప తండ్రి చేత ఉంగరంతో పేరు రాయించారు. శారద. పోయిన నాయనమ్మ పేరు. పక్కింటావిడ ‘ఈ రోజుల్లో ఈ పేరా!’ అని సంబరపడింది. మా అమ్మ కాలంలో వీధికిద్దరు శారదలుండేవారు. ఇప్పుడన్నీ ఆద్యలు, సహస్రలు, శాన్వికలే.

శరత్తుకు చెందినది శారద, చదువుల తల్లి. వానలు వెనకబట్టి, కాలవ నీళ్ళు తేటపడి, వెన్నెల పిండి ఆరబోసినట్టుండే ఆశ్వయుజ కార్తికాలు ఆమెవి. శరన్నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు పిల్లలు పుస్తకాలు పెట్టి మొక్కేదీ ఆమెకే. వేదంలో శరత్తంటే ఏడాది కూడా. నూరు శరత్తులు బతకమనే దీవెన అక్కడిదే. 1922లో ఉన్నవ దంపతులు గుంటూరులో ఆడవాళ్ళ చదువు కోసం సంస్థ పెట్టి, దానికి శారదా నికేతనమని పేరుపెట్టారు. అంతకంటే తగిన పేరు నాకు తోచదు.

తెనాలి పిల్ల సరస్వతీదేవి సినిమాల్లోకి వెళ్ళి శారద అయింది. మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి అనిపించుకుని, 1996లో తెనాలి నుంచే పార్లమెంటుకు వెళ్ళింది.

నా మనసు మాత్రం ఇంకో శారద దగ్గరే ఆగిపోతుంది. 1937లో తండ్రి వెంట పుదుక్కోట నుంచి తెనాలి వచ్చిన తమిళ కుర్రాడు నటరాజన్. హోటళ్ళలో సర్వరు పని చేసుకుంటూ తెలుగు నేర్చుకున్నాడు. ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ నవలలు రాశాడు. బల్లలు తుడిచిన చేత్తో రాసినదాని కింద శారద అని సంతకం చేశాడు. బడి చదువు సాగని పిల్లవాడు చదువుల తల్లి పేరే తన పేరు చేసుకున్నాడంటే, ఆ పేరు మీద అతనికెంత ఆశో! 1955లో పోయాడు. ముప్పై శరత్తులు దాటాడు, అంతే. తెనాలి వెళ్ళినప్పుడల్లా ఏ హోటల్లో కూర్చున్నా అతనే గుర్తొస్తాడు.

భోజనాలయ్యాక పాప ఏడ్చింది. తల్లి ‘శారదా’ అనబోయి ఆగింది. ‘అత్తగారి పేరు నోటితో అనకూడదే, బుజ్జీ అను’ అంది మా చెల్లెలు. ఇలా ఎందరు శారదలు బుజ్జమ్మలుగా, చిట్టెమ్మలుగా మిగిలిపోయారో! ‘పిలవనీవే, ఆవిడ వింటే సంతోషిస్తుంది’ అన్నాను. చెల్లెలు మాట్లాడలేదు. కాసేపటికి ఉయ్యాల దగ్గర నుంచి, మెల్లగా, ఆ పిలుపు వినిపించింది.