నీళ్లు యాడికి పోవల్ల?

ప్యాపిలి చుట్టుపక్కల ఇంటి ముందు బండలు పరిపించుకోవాలంటే రాయికి కరువు లేదు. బేతంచెర్ల గనులు దగ్గరే, ఆపైన బనగానపల్లె, కొలిమిగుండ్ల. ఇంటాయన రంగు చూస్తాడు, మందం చూస్తాడు, అడుగు ధర దగ్గర అరపూట బేరమాడతాడు. నీళ్లు జారే వాటం సంగతి మాత్రం మేస్త్రికి వదిలేస్తాడు.

ఎండాకాలంలో పని ముగిసి, గృహప్రవేశమూ అయిపోతుంది. తప్పు బయటపడేది తొలి గట్టి వానకే. మెట్టు మొదట్లో మడుగు, గోడ అడుగున చెమ్మ, ఆరాక సందుల వెంట తెల్లటి ఉప్పు.

ఈ గనుల నాపరాయి దట్టమైన సున్నపురాయి. మట్టిలా నీటిని తాగదు. పడ్డ వానలో చాలా భాగం పక్కకు జారాల్సిందే. అందుకే బ్రిటన్‌లో రాతి పరుపుకు సాధారణంగా 60కి 1 వంతున వాలు పెడతారు. మన లెక్కలో 10 అడుగులకు 2 అంగుళాలు, అదీ గోడ నుంచి బయటికి. గరుకు బండ మీద నీరు నెమ్మదిగా కదులుతుంది కనుక వాటం తగ్గించి లాభం లేదు.

"నీళ్లు యాడికి పోవల్లనో ముందు చెప్పన్నా" అని దారం కట్టకముందే అడిగే మేస్త్రి అంటే ఈ కాలమిస్టుకు ప్రత్యేకమైన గౌరవం.

వాటం సరిగా ఉన్నా అడుగు చెడితే ఫలితం అదే. నాలుగు మూలలా సిమెంటు ముద్దలు పెట్టి బండ ఆనిస్తే నడుమ డొల్ల మిగులుతుంది. సందులోంచి దిగిన నీరు అక్కడే నిలుస్తుంది. తట్టి చూస్తే మోతే చెబుతుంది. బండ కింద మాలు నిండుగా పరవడం ఒక్కటే దారి.

మరకలు పోవాలని బాత్రూమ్ యాసిడ్ పోసేవాళ్లూ ఉన్నారు. సున్నపురాయి బుసబుస పొంగుతుంది, నునుపు శాశ్వతంగా పోతుంది. కొలిమిగుండ్ల మండలంలోని 3,229 మీటర్ల బెలుం గుహలను తొలిచిందీ ఇలాంటి రసాయనమే. గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువు కలిసి కాస్త పులిసిన నీరు లక్షల ఏళ్లు పగుళ్ల వెంట పారింది. యాసిడ్‌కు అంత ఓపిక అక్కర్లేదు.

వాటం సరిగా ఉందో లేదో తేలాలంటే సందులు పూడ్చకముందే రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి చూస్తే చాలు. ఎక్కడైనా నిలిస్తే ఆ వరుస లేపి మళ్లీ పరవాలి. పైన సిమెంటు పూస్తే అది పెచ్చులూడుతుంది. వాలు చివర కాలువ లేకపోతే నీళ్లు పక్కింటి గోడకు చేరతాయి. అప్పుడు మేస్త్రితోపాటు పెద్దమనుషులనూ పిలవాల్సి వస్తుంది.